చారల సిమ్యులేషన్‌లో వై ఆకారపు చీలికలు పోవడం లేదు: కోడ్‌లో బగ్గా, ఫిజిక్సే అంతేనా?

రాత్రి కోడర్

అందరికీ నమస్తే. రెండు వారాలుగా స్విఫ్ట్-హోహెన్‌బెర్గ్ సమీకరణంతో కుస్తీ పడుతున్నా. తెలియనివాళ్ల కోసం: పల్చటి ద్రవపు పొరని కింద నుంచి వేడి చేస్తే ఒక హద్దు దాటాక అది చుట్టలు చుట్టలుగా తిరగడం మొదలుపెడుతుంది. పై నుంచి చూస్తే అవి చారల్లా ఉంటాయి. ఆ చారల పుట్టుకని చూపించడానికి 1977లో రాసిన మోడల్ ఇది.

నా సెటప్: 512×512 గ్రిడ్. కుడి అంచుని ఎడమ అంచుకీ, పై అంచుని కింది అంచుకీ అతికించినట్టే లెక్క. నల్లచార, తెల్లచార కలిపి ఒక జతకి 8 బిందువులు, అంటే మొత్తం 64 జతలు పట్టాలి. ఎప్సిలాన్ (చారలు మొదలయ్యే హద్దు దాటి ఎంత ముందుకు వచ్చామో చెప్పే అంకె) 0.5. మొదట్లో అంతా రాండమ్ నాయిస్.

చారలు చిటికెలో వచ్చాయి. కానీ తిన్నగా లేవు, వేలిముద్రలా మెలికలు తిరిగి ఉన్నాయి. సరే, సర్దుకుంటాయిలే అని రాత్రంతా నడిపించాను. కొంత సర్దుకున్నాయి. తర్వాత ఎనర్జీ గ్రాఫ్ నేలకి ఆనినట్టు చదునుగా అయిపోయింది, చిత్రం మాత్రం కదలడం లేదు. ఇంకా ఎక్కడ పడితే అక్కడ ఒక చార రెండుగా చీలే చోట్లున్నాయి, వై అక్షరంలా. ఈ సమీకరణంలో ఎనర్జీ తగ్గడమే తప్ప పెరగదు. తిన్నటి చారలకే అన్నిటికన్నా తక్కువ ఎనర్జీ. మరి అక్కడికి ఎందుకు చేరడం లేదు? టైమ్ స్టెప్ సగం చేశాను, గ్రిడ్ రెట్టింపు చేశాను, అదే తంతు. బగ్ ఎక్కడుందో చూసి పెడతారా?

ధ్రువణం

బగ్ కాదండీ. నేను లిక్విడ్ క్రిస్టల్స్‌ని (ద్రవంలా పారుతూనే స్ఫటికంలా కొంత క్రమం ఉండే పదార్థాలు) మైక్రోస్కోప్ కింద చూసే మనిషిని. మీరు చెప్పిన దృశ్యం నాకు రోజూ కనిపించేదే.

నెమాటిక్ అనే రకంలో పుల్లల్లాంటి అణువులు ఇంచుమించు ఒకే దిక్కుకి వాలి ఉంటాయి. రెండు పోలరైజర్లని (ఒకే దిక్కున ఊగే కాంతిని మాత్రమే పోనిచ్చే పలకలు) ఒకదానికొకటి అడ్డంగా పెట్టి మధ్యలో దాని పల్చటి పొర ఉంచితే, కొన్ని బిందువుల నుంచి నల్లటి కుంచెగీతల్లాంటివి బయల్దేరతాయి. కొన్నిటికి రెండు కుంచెలు, కొన్నిటికి నాలుగు. ఆ బిందువు దగ్గర అణువులకి ఏ దిక్కు చూడాలో తేలదు. దాన్నే డిఫెక్ట్ అంటాం. మందపాటి పొరలో అవి దారాల్లా సాగి తేలుతుంటాయి. 1922లో ఫ్రీడెల్ ఈ రకానికి నెమాటిక్ అని పేరు పెట్టింది కూడా ఆ దారాలని చూసే, గ్రీకులో నేమా అంటే దారం. పదార్థానికి పేరొచ్చింది దాని క్రమాన్ని బట్టి కాదు, ఆ క్రమం తప్పిన చోట్లని బట్టి. నాకు అది భలే నచ్చుతుంది.

ఇంట్లో చూడాలంటే తల మీది సుడి చాలు. దువ్వెనతో దాన్ని ఇటో అటో జరపగలరు, లేకుండా చేయలేరు.

అనుమానాల పుట్ట

సుడి పోలిక బాగుంది కానీ నాకు ఎక్కలేదు. జుట్టు కుదుళ్లు చర్మంలో పాతుకుని ఉంటాయి, అందుకు పోదు. సిమ్యులేషన్‌లో అలాంటిదేమీ లేదే. ప్రతి బిందువూ తన పక్కవాళ్లని చూసి సర్దుకుంటే చాలు. ఈరోజు కాకపోతే రేపు సర్దుకోవాలి. "టోపాలజీ" (సాగదీసినా వంచినా మారని లక్షణాల గణితం) అనే మాట వేసి నోరు మూయించకండి దయచేసి.

గీతల లెక్క

పుట్ట గారూ, నోరు మూయించను, నడిపిస్తాను.

డిఫెక్ట్‌కి బాగా దూరంగా, దాని చుట్టూ ఒక పెద్ద గుండ్రటి దారి వేసుకోండి. చేతిలో ఒక పుల్ల పట్టుకుని, అడుగడుగునా అక్కడి చార ఎటు వాలి ఉందో పుల్లని అటే తిప్పుతూ నడవండి. బయల్దేరిన చోటికి వచ్చేసరికి పుల్ల మళ్లీ మొదటి వాలుకే రావాలి, ఎందుకంటే అక్కడి చార మారలేదు. కాబట్టి మొత్తం తిరుగుడు సున్నా కావచ్చు, సగం చుట్టు కావచ్చు, ఒక చుట్టు కావచ్చు. పావు చుట్టు మాత్రం కాకూడదు.

ఇప్పుడు మీరన్నట్టే ప్రతి బిందువూ పక్కవాళ్లని చూసి కొద్దికొద్దిగా సర్దుకుంటోంది అనుకోండి. ఈ తిరుగుడు అంకె కూడా మారితే కొద్దికొద్దిగానే మారాలి. కానీ దానికి మధ్యలో విలువలే లేవు. సగం నుంచి సున్నాకి జారాలంటే 0.4, 0.3 అనే మెట్లు కావాలి, అవి లేవు. కాబట్టి అసలు మారదు. మీరు వేసుకున్న వలయం లోపల ఏం జరిగినా బయట అంకె అదే. పాతుకోవడానికి కుదుళ్లు అక్కర్లేదు.

ఇంకా చదువుతున్నా

నేను డిగ్రీ రెండో సంవత్సరం. చిన్న సందేహం, నవ్వకండి. సగం చుట్టు తిరిగితే పుల్ల తలకిందులు కదా? మొదటి వాలుకే వచ్చినట్టు ఎలా అవుతుంది?

గీతల లెక్క

ఎందుకు నవ్వుతాం తల్లీ (లేదా నాయనా, పేరు బట్టి తెలియడం లేదు), అసలు కీలకం అదే. పుల్లకి తలా తోకా లేవు. తలకిందులు చేసినా అదే పుల్ల. చారలూ అంతే, చారకి "ఇటు వైపు" అనే బాణం గుర్తు ఉండదు. అందుకే సగాలు చెల్లుతాయి. అయస్కాంతపు సూదులతో నింపిన పొర అయితే సూదికి ఉత్తరం, దక్షిణం ఉంటాయి కాబట్టి సగాలు చెల్లవు, పూర్తి చుట్లే.

చూడాలంటే మీ బొటనవేలి ముద్ర చూడండి. గీతలు వంపు తిరిగి వెనక్కి వచ్చే లూప్ ఉంటే, ఆ వంపు నడిబొడ్డు +1/2. దాని చుట్టూ ఎడమ చేతి వైపు తిరుగుతూ నడిస్తే పుల్ల కూడా అదే వైపు సగం చుట్టు తిరుగుతుంది. కాస్త పక్కగా మూడు వైపుల నుంచి గీతలు వచ్చి కలిసే త్రికోణం ఉంటుంది, వేలిముద్రల వాళ్లు డెల్టా అంటారు. అది -1/2, అక్కడ పుల్ల ఎదురు వైపు తిరుగుతుంది. లూప్ ఉన్న వేలికి ఒక నడిబొడ్డు, ఒక డెల్టా. గుండ్రటి సుడి ఉన్న వేలికి రెండు డెల్టాలు, సుడి +1 కాబట్టి. ఏమీ లేకుండా ఉత్త వంపుగా పోయే ముద్రలో రెండూ ఉండవు. లెక్క ఎక్కడా తప్పదు.

ఇంకా చదువుతున్నా

అమ్మాయినేనండీ :) ఇప్పుడే పది వేళ్లూ చూసుకున్నా. ఎడమ చూపుడు వేలికి రెండు డెల్టాలున్నాయి! రెండోది వేలి పక్కకి పోయి దాక్కుంది, దీపం పక్కగా పెట్టి చూస్తే కనపడింది. మరి ఈ గీతలు కూడా రాత్రి కోడర్ గారి చారల్లాగే పుడతాయా?

ధ్రువణం

చాలావరకు అవునమ్మా. గర్భంలో ఉండగానే చర్మం మీద గీతలు మూడు చోట్ల మొదలై అలల్లా పాకుతాయని, అవి ఎదురుపడే చోట డెల్టాల్లాంటివి ఏర్పడతాయని 2023లో చూపించారు. ఒక రసాయనం ఉసిగొల్పడం, ఇంకోటి ఆపడం, 1952లో ట్యూరింగ్ చెప్పిన పద్ధతే. కవలలకి కూడా ముద్రలు వేరుగా ఉండడానికి కారణం ఇదే. చారల నియమం ఇద్దరికీ ఒకటే, డిఫెక్ట్ ఎక్కడ కూర్చుందనేదే తేడా.

రాత్రి కోడర్

ఆగండాగండి. మీరు చెప్పింది కోడ్‌లో రాసి చూశాను. చారల వాలు కనిపెట్టి, ప్రతి చిన్న గడి చుట్టూ తిరుగుడు లెక్కేశాను. (కోణాన్ని నేరుగా సగటు చేస్తే చెత్త వస్తుంది, ఎందుకంటే 1 డిగ్రీ, 179 డిగ్రీలు నిజానికి పక్కపక్కవే. రెండింతల కోణానికి సైను, కొసైను తీసుకుని వాటిని సగటు చేస్తే కుదిరింది. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నా.)

నడిబొడ్లలో +1/2 వచ్చింది, మూడు దారుల చోట -1/2 వచ్చింది. భేష్. కానీ నన్ను ఏడిపిస్తున్న వై చీలిక చుట్టూ కాస్త పెద్ద వలయం వేస్తే సున్నా! అంటే దానికి టోపాలజీ రక్షణ లేదన్నమాట. మరి ఎందుకు పోదు?

అనుమానాల పుట్ట

చెప్పానా!

గీతల లెక్క

తొందరపడకండి పుట్ట గారూ. సున్నా వచ్చింది వాలు లెక్కలో. చారలకి ఇంకో లెక్క ఉంది, సంఖ్య.

చీలికకి ఎడమ వైపు నిలబడి పై నుంచి కిందికి చారలు లెక్కపెట్టండి. కుడి వైపుకి వెళ్లి మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తేడా వస్తుంది. ఆ ఒకటి కూడా పూర్ణాంకమే, అది కూడా కొద్దికొద్దిగా మారలేదు. ఇలాంటిదాన్ని డిస్‌లొకేషన్ అంటారు. వాలు తిరిగేది డిస్‌క్లినేషన్. పేర్లు దగ్గరగా ఉండి పుస్తకాలు చదివేవాళ్లని కూడా తికమక పెడతాయి.

ఇంకా బాగా జూమ్ చేసి చూడండి. నల్లచార రెండుగా చీలే చోట మూడు దారుల కూడలి ఉంది, అది -1/2. ఆ చీలిక మధ్యలో కొత్తగా మొదలయ్యే తెల్లచారకి గుండ్రటి మొన ఉంది, అది +1/2. రెండూ అంటుకుని కూర్చున్నాయి. దూరం నుంచి ఒకదాన్నొకటి కొట్టేసుకుని వాలు సున్నా అవుతుంది. కానీ రెండూ ఒకే చోట లేవు కాబట్టి సంఖ్యలో ఒకటి మిగిలిపోతుంది.

లోహపు చెయ్యి

డిస్‌లొకేషన్ మాట వినపడి వచ్చాను. ముప్పై ఏళ్లు లోహాలతోనే బతికాను, ఈ మాట వింటే ఆగలేను.

1926లో ఫ్రెంకెల్ ఒక లెక్క వేశాడు. స్ఫటికంలో ఒక అణువుల పొరని దాని కింది పొర మీద ఒక్క ఊపులో జరపాలంటే ఎంత బలం కావాలి అని. వచ్చిన జవాబు, మెత్తటి శుద్ధ లోహాలు నిజంగా లొంగే బలం కన్నా వేల రెట్లు ఎక్కువ. లోహం ఎందుకింత సులువుగా వంగుతోంది? 1934లో టేలర్, ఒరొవాన్, పోలాన్యి ముగ్గురూ వేర్వేరుగా అదే జవాబు చెప్పారు. పొర మొత్తం ఒకేసారి జరగదు. మధ్యలో ఆగిపోయిన సగం పొర ఒకటి ఉంటుంది, దాని అంచు ఒక్కో అడుగూ ముందుకు వేస్తుంది. బరువైన తివాచీని మొత్తంగా లాగలేం కదా, ఒక చివర ముడత లేపి ఆ ముడతని తోసుకుంటూ పోతే జరుగుతుంది. ఆ ముడతే డిస్‌లొకేషన్.

తీగని అదే చోట అటూ ఇటూ వంచి చూడండి, మొదట మెత్తగా ఉండి తర్వాత గట్టిపడుతుంది. లోపల డిస్‌లొకేషన్లు పుట్టుకొచ్చి ఒకదాని దారికి ఒకటి అడ్డం పడడమే. బాగా కాల్చి నెమ్మదిగా చల్లార్చిన లోహంలో చదరపు సెంటీమీటరుకి పది లక్షల స్థాయిలో ఉంటాయి, బాగా సాగగొట్టిన లోహంలో లక్ష కోట్ల స్థాయికి చేరతాయి.

కాబట్టి బాబూ రాత్రి కోడర్, నీ వైలు చారలకి అడ్డంగా జారాలి. స్లిప్ అన్నిటికన్నా సులువైన కదలిక. కాస్త పక్కకి లాగే బలం పెట్టు, అవే జారిపోతాయి.

ధ్రువణం

లోహపు చెయ్యి గారూ, మీ మాట కాదనడానికి కొంచెం భయంగానే ఉంది, కానీ చారల్లో ఇది తిరగబడుతుంది.

స్ఫటికంలో సగం పొర ఉన్న దిక్కులోనే పెరగాలన్నా తరగాలన్నా అణువులు ఎక్కడి నుంచో రావాలి, లేదా ఎక్కడికో పోవాలి. అది నెమ్మది, వేడి కావాలి. పక్కకి జారడానికి కొత్త అణువులు అక్కర్లేదు కాబట్టి అది సులువు. ఈ సమీకరణంలో లెక్క తగ్గకుండా పెరగకుండా కాపాడాల్సిన సరుకు ఏమీ లేదు. ఇక్కడ చార అంటే ఉత్త ఎత్తుపల్లం, కావాలంటే పొడుగవుతుంది, లేదంటే చెరిగిపోతుంది. కాబట్టి వై చార పొడుగునా జిప్పులా మూసుకుంటూనో తెరుచుకుంటూనో పోవడం తేలిక. చారలకి అడ్డంగా జారాలంటే పక్క చారని తెంపి మళ్లీ అతకాలి, ప్రతి అడుగులోనూ ఒక గట్టు ఎక్కి దిగాలి. అదే కష్టం.

లోహపు చెయ్యి

ఒప్పుకుంటున్నా. ముప్పై ఏళ్ల అలవాటు కళ్లకి గంతలు కట్టింది. మనకి అణువులని లెక్కచూసుకోవడం ఒంటికి పట్టేసింది, ఇక్కడ ఆ లెక్కే లేదని తట్టలేదు. నీ జిప్పు మాట బాగుంది, వాడుకుంటా.

ఇంకా చదువుతున్న అమ్మాయికి ఒక మాట: సబ్బు నీళ్ల మీద ఒకే సైజు చిన్న చిన్న బుడగలు ఒత్తుగా తేలేలా ఊదితే స్ఫటికంలా పేరుకుంటాయి. 1947లో బ్రాగ్, నై ఇదే చేసి డిస్‌లొకేషన్లు కదలడం కళ్లారా చూపించారు. నీ కళ్ల ముందే వరసలు జారతాయి.

అనుమానాల పుట్ట

సరే, సంఖ్య మారదు, ఒప్పుకున్నా. అయితే ఇవి ఎప్పటికీ పోవా? రాత్రి కోడర్ గారి చిత్రంలో మొదట్లో బోలెడున్నవి తర్వాత తగ్గాయిగా. మారనిది ఎలా తగ్గింది?

గీతల లెక్క

ఇది సూటి ప్రశ్న. మారనిది ఒక వలయం లోపలి మొత్తం. +1/2, -1/2 రెండూ ఆ వలయంలోనే ఉంటే మొత్తం సున్నా. అవి కలిసి మాయమైనా మొత్తం సున్నాయే, లెక్క చెడలేదు. వాటి మధ్య ఆకర్షణ కూడా ఉంటుంది. ఎదురుగుర్తు జతలు దగ్గరయ్యేకొద్దీ వేగం పెరిగి, చివర్లో ఠపీమని కలుస్తాయి. లేదంటే హద్దున్న పొరలో అంచుదాకా జరిగి బయటికి పోవచ్చు. ఈ రెండు దారులే. ఒంటరిగా ఉన్నచోటే ఆవిరైపోవడం మాత్రం కుదరదు.

ధ్రువణం

చిన్న సవరణ. అది చదునైన పొర సంగతి. సన్నటి గొట్టంలో నెమాటిక్ నింపి, అణువులు గోడకి నిటారుగా నిలబడేలా చేస్తే, నడుమ +1 దారం ఒకటి ఉండాల్సిందే అనిపిస్తుంది. ఉండదు. నడుముకి దగ్గరయ్యేకొద్దీ అణువులు గొట్టం పొడుగు వైపు వాలిపోయి చిక్కు తప్పించుకుంటాయి. మూడో దిక్కులోకి పారిపోవడం అంటారు, 1970ల మొదట్లో తేల్చారు. 1/2 దారాలకి ఆ దారి లేదు, అవి నిలుస్తాయి. ఇంకో తమాషా, మూడు దిక్కుల్లో +1/2 దారాన్ని మెల్లగా తిప్పితే -1/2 అవుతుంది, రెండూ ఒకటే. కాబట్టి "టోపాలజీ ఉంది కాబట్టి చావు లేదు" అని ఎవరైనా అంటే ముందు అడగాల్సింది: ఎన్ని దిక్కులు, పుల్లా బాణమా?

అనుమానాల పుట్ట

ఇప్పుడు మీరు నా భాష మాట్లాడుతున్నారు. ఇంకోటి. ఒంటరి డిఫెక్ట్‌కి ఎనర్జీ ఎంత? చుట్టూ అంత దూరం చారలు వంగాలంటే చాలా అవ్వాలిగా. వేడి వల్ల అలాంటివి వాటంతటవే పుట్టే అవకాశమే ఉండకూడదు.

గీతల లెక్క

అందరూ అలాగే అనుకున్నారు. పొర ఎంత పెద్దదైతే ఒంటరి సుడి ఖర్చు అంత పెరుగుతుంది, లాగరిథమ్ లెక్కన. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలి అనే ఎంపికలు కూడా పొర సైజుతో పెరుగుతాయి, ఆ ఎంపికల్ని కొలిచే ఎంట్రోపీ కూడా లాగరిథమే. రెండూ ఒకే వాలున పెరుగుతుంటే ఎవరు గెలుస్తారో తేల్చేది ఉష్ణోగ్రత ఒక్కటే. చల్లగా ఉన్నప్పుడు సుడులు జంటలుగా కట్టుబడి ఉంటాయి, ఒక హద్దు దాటాక జంటలు విడిపోయి క్రమాన్ని చెడగొడతాయి. బెరెజిన్‌స్కీ, కాస్టర్‌లిట్జ్, థౌలెస్ 1970ల మొదట్లో చెప్పిన సంగతి. చివరి ఇద్దరికీ హాల్డేన్‌తో కలిపి 2016లో నోబెల్ వచ్చింది. బెరెజిన్‌స్కీ 1980లోనే పోయాడు.

కానీ రాత్రి కోడర్ గారి సమీకరణంలో వేడే లేదు. నాయిస్ మొదటి క్షణంలో మాత్రమే వేశారు. ఆయన ఇబ్బంది వేరు.

రాత్రి కోడర్

అవును, దాని గురించే అడుగుదామనుకుంటున్నా. ఎదురుగుర్తు వైలు ఎదురెదురుగా కనపడుతున్నాయి, మధ్యలో నాలుగైదు చారలే అడ్డం. ఆకర్షణ ఉంటే కలవాలి కదా. చలనమే లేదు.

ధ్రువణం

ఇందాక చెప్పిన గట్టు అదే. చారలకి అడ్డంగా జారాలంటే ప్రతి చార దగ్గరా ఒక చిన్న గట్టు. ఆకర్షణ ఆ గట్టు కన్నా తక్కువైతే అక్కడే ఇరుక్కుంటాయి. చారలే చారల లోపాలకి కాపలా. ఎప్సిలాన్ 0.5 అంటే గట్లు బాగా ఎత్తు. 0.1కి దించితే గట్లు అమాంతం పడిపోతాయి, మెల్లగా కాదు, ఎక్స్‌పొనెన్షియల్‌గా.

ఒక నిజమైన ప్రయోగం చెబుతాను. బ్లాక్ కోపాలిమర్ అనే పదార్థం పల్చటి పొరగా వేస్తే నానోమీటర్ల వెడల్పు చారలు తనంతట తానే కడుతుంది. అవి సర్దుకోవడాన్ని 2000లో ప్రచురించిన ఒక పనిలో కొలిచారు. క్రమం ఉన్న ముక్క సైజు కాలానికి నాలుగో మూలం లెక్కన పెరిగింది. అంటే రెండింతలు కావాలంటే పదహారు రెట్లు ఆగాలి. విడివిడి జతలు కలవడం కన్నా మూడు నాలుగు డిస్‌క్లినేషన్లు ఒకేసారి కలిసి చెరిగిపోవడమే అక్కడ ఎక్కువ కనిపించింది. చిప్‌ల తయారీకి ఈ చారలని వాడాలనుకునేవాళ్లు అంతసేపు ఆగలేరు, అందుకే కింద ముందే గాళ్లు గీసి చారలకి దారి చూపిస్తారు.

లోహపు చెయ్యి

మేమైతే ఎనీలింగ్ చేస్తాం బాబూ. కాల్చు, నెమ్మదిగా చల్లార్చు. నువ్వు చేసింది ఎర్రగా కాలిన ముక్కని చన్నీళ్లలో ముంచడం.

గీతల లెక్క

లోహపు చెయ్యి గారు ఒక్క ముక్కలో చెప్పేశారు. రాండమ్ నాయిస్‌తో మొదలుపెట్టి నేరుగా 0.5 దగ్గర నిలబెట్టడమంటే అత్యంత వేగంగా చల్లార్చడమే. ప్రతి మూలా పక్క మూలతో మాట్లాడకుండానే తన వాలు తను ఎంచుకుంటుంది. తర్వాత అవి కలిసే చోట పొత్తు కుదరదు, అక్కడ డిఫెక్ట్ మిగులుతుంది. ఈ ఆలోచన ముందు విశ్వం గురించి వచ్చింది. తొలి విశ్వం చల్లారినప్పుడు ఇలాంటి దారాలు మిగిలి ఉండాలని 1976లో కిబుల్ అన్నాడు. దీన్ని ప్రయోగశాలలో హీలియంతో పరీక్షించవచ్చని 1985లో జురెక్ చూపించాడు. 1991లో చువాంగ్, డ్యూరర్, టురోక్, యూర్క్ లిక్విడ్ క్రిస్టల్‌లోనే దారాల చిక్కుముడి పుట్టి కరిగిపోవడం చూశారు.

మన బోటి నెమ్మది వ్యవస్థకి సాదా లెక్క: పదహారు రెట్లు నెమ్మదిగా హద్దు దాటితే డిఫెక్టుల మధ్య దూరం రెండింతలవుతుంది. మళ్లీ పదహారే, కానీ పైన ధ్రువణం గారు చెప్పిన పదహారు వేరు, కలపకండి. అది పుట్టాక ఆగడం, ఇది పుట్టేటప్పుడు ఆగడం.

కాబట్టి ఎప్సిలాన్‌ని -0.05 దగ్గర మొదలుపెట్టి 0.1 దాకా చాలా నెమ్మదిగా పెంచండి. దారి పొడుగునా కొద్దిగా నాయిస్ వేస్తూ ఉండండి, ఇరుక్కున్నవాటికి అప్పుడప్పుడూ ఒక కుదుపు తగులుతుంది.

ఇంకా చదువుతున్నా

రిజల్ట్ వచ్చేలోపు ఒకటి అడగొచ్చా? రాత్రి కోడర్ గారు అంచులు అతికించారు కాబట్టి ప్లస్సులు మైనస్సులు సమానం అని అర్థమైంది. బంతి మీద చారలు గీస్తే?

గీతల లెక్క

బంతి మీద మొత్తం ఎప్పుడూ +2. ఎలా దువ్వినా తప్పించుకోలేరు. పుల్లలైతే నాలుగు +1/2లు ఒకదానికొకటి వీలైనంత దూరంగా, సమచతుర్ముఖి మూలల్లో కూర్చుంటాయి. షడ్భుజాలతో బంతి కుట్టాలని చూడండి, కుదరదు, సరిగ్గా పన్నెండు పంచభుజాలు కలపాలి. ఒక్కో పంచభుజం ఆరో వంతు, పన్నెండు కలిపితే 2. 1985లో బయటపడ్డ సి-60 కార్బన్ అణువు కూడా ఈ లెక్కకి కట్టుబడినదే.

ధ్రువణం

జీవుల్లో కూడా ఉందమ్మా. హైడ్రా అనే చిన్న నీటి జీవి ఒంట్లో కండర పోగులు నెమాటిక్‌లా వరసగా ఉంటాయి. మూతి దగ్గర ఒక +1, పాదం దగ్గర ఒక +1. మొత్తం 2, బంతి లెక్కే. మరి చేతుల్లాంటి టెంటకిల్స్ మొలిస్తే? ఒక్కో దాని కొసకి +1, మొదట్లో రెండు -1/2లు. ఎన్ని మొలిచినా మొత్తం చెడదు. ఒక ముక్క నుంచి హైడ్రా తిరిగి పెరిగేటప్పుడు, మూతి ఎక్కడ వస్తుందో అక్కడ డిఫెక్ట్ చాలా ముందే కనిపిస్తుందని 2021లో చూపించారు. డిఫెక్ట్ మూతిని పిలుస్తోందా, మూతి రాబోతుంది కాబట్టి డిఫెక్ట్ అక్కడుందా అనేదాని మీద మాత్రం నేను పందెం కాయను.

అనుమానాల పుట్ట

మీరు పందెం కాయనన్నందుకు మొదటిసారి ఈ థ్రెడ్‌లో ఒక లైక్ కొడుతున్నా.

రాత్రి కోడర్

మూడు రోజుల తర్వాత వచ్చాను. ఫ్యాన్ మోతకి ల్యాప్‌టాప్ ఎగిరిపోతుందేమో అనిపించింది.

నెమ్మదిగా పెంచాను, కొద్దిగా నాయిస్ ఉంచాను. తేడా మామూలుగా లేదు. నడిబొడ్లు, డెల్టాలు పూర్తిగా పోయాయి. చారలన్నీ దాదాపు అడ్డంగా, ఎడమ నుంచి కుడికి పడుకున్నాయి. వైలు జిప్పులా మూసుకుంటూ పోవడం వీడియోలో చూస్తుంటే నిద్ర పట్టలేదు. ఇప్పుడు మిగిలినవి 7 వైలు. నాలుగు కుడి వైపుకి తెరుచుకున్నవి, మూడు ఎడమ వైపుకి. ఇంకో రెండు రోజులు నడిపితే అన్నీ పోతాయనుకుంటున్నా.

గీతల లెక్క

7 కుదరదు.

రాత్రి కోడర్

అంటే? మూడుసార్లు లెక్కపెట్టాను.

గీతల లెక్క

ఎడమ అంచు దగ్గర నిలబడి పై నుంచి కిందికి చారలు లెక్కపెట్టండి. 64 అనుకుందాం. కుడి వైపుకి నడవండి. కుడికి తెరుచుకున్న ప్రతి వై దగ్గరా ఒక చార పెరుగుతుంది, ఎడమకి తెరుచుకున్న ప్రతి వై దగ్గరా ఒకటి తగ్గుతుంది. నాలుగు పెరిగి మూడు తగ్గితే కుడి అంచుకి 65తో చేరతారు. కానీ మీ కుడి అంచు ఎడమ అంచుకే అతికి ఉంది. అదే గీత మీద 64, 65 రెండూ ఎలా ఉంటాయి? నల్లచార చీలిన చోట్లే లెక్కపెట్టి, నల్లచార మొనగా ఆగిపోయిన చోటు ఏదైనా వదిలేశారేమో చూడండి. అది కూడా డిస్‌లొకేషనే.

అనుమానాల పుట్ట

మొదటి పోస్టులో అడిగిన బగ్ ఇప్పుడు దొరికేలా ఉంది.

రాత్రి కోడర్

మొనలు కూడా చూశాను, అన్నీ కలిపే 7. మీ మాట మీద నమ్మకంతో నిలువు గీతలు వేసి వరసగా లెక్కపెట్టాను. ఎడమ అంచు పక్కన 63. నడుమ కొన్నిచోట్ల 65. కుడి అంచు పక్కన 64. నిజంగానే అతకడం లేదు.

అప్పుడు చిత్రాన్ని అడ్డంగా సగం జరిపి చూశాను, అతికిన అంచులు నడిమధ్యకి వచ్చేలా. ఎనిమిదోది అక్కడుంది. ఎడమకి తెరుచుకున్న వై. రెండు చేతులూ చిత్రం కుడి అంచులో, కాడ ఎడమ అంచులో. ఏ వైపు నుంచి చూసినా మామూలు చారలాగే కనపడింది.

లోహపు చెయ్యి

ఇంకో రెండు రోజులు నడుపు బాబూ. ఆ అంచులో దాక్కున్నది ఎవరితో కలుస్తుందో వీడియో పెట్టు.

రాత్రి కోడర్

నడుస్తోందండీ. పక్క గదిలో పెట్టాను, ఫ్యాన్ మోత వినపడకుండా.